బందరు జమీందార్లు, రంబోల్డు గవర్నరు

రచ్చబండ యొద్ద నలుగురు పెద్దలు గూడినచోట నేడు తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు. చిన్నవాడు తప్పు చేసిన ఠాణా, పెద్దవాడు తప్పు చేసిన విచారణ సంఘము అని. కాలువగట్టున గడ్డి కోసినవానికి నాడే జరిమానా పడును. ఆ కాలువకే పూడిక తీయకుండ బిల్లు చెల్లించుకొన్న పెద్దమనిషి మీద విచారణ యేండ్ల తరబడి సాగి, తుదకు దస్త్రమే కానరాకుండ బోవును. గుడివాడ సంతలో విన్నను, అవనిగడ్డ రేవున విన్నను, బందరు కోనేరు సెంటరులో విన్నను ఈ నిష్ఠురము ఒక్కటియే. మన పెద్దలు దీనిని కలికాలధర్మమని యొక నిట్టూర్పుతో విడిచిపుచ్చుట కలదు. కాని కలికాలము మీద నేరము మోపుట తొందరపాటని నా యభిప్రాయము. తప్పించుకొను విద్యకు మన సీమలోనే పాత చరిత్ర యొకటి కలదు. అందు ఎవరు తప్పించుకొనిరి, ఏయే త్రోవలబడి తప్పించుకొనిరి యను సంగతులు తేదీలతో గూడ వ్రాయబడియున్నవి. ఆ కథను విన్నవించెదను.

ఇంగ్లీషు కుంఫిణీవారు బందరులో సరకుల కొట్టు పెట్టినది 1611లో. నూటయేబది యేండ్లపాటు వారు అద్దకపు గుడ్డలు కొని యోడల కెక్కించిన వర్తకులు మాత్రమే. 1759 ఏప్రిలులో కర్నలు ఫోర్డు రాత్రివేళ బందరుకోటపై బడి ఫ్రెంచివారిని లొంగదీయుటతో వర్తకుడు దొరయయ్యెను. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా, మరుసటి యేట నైజాముతో నొడంబడిక జరిగి ఉత్తర సర్కారులు కుంఫిణీ క్రిందికి వచ్చినవి. 1769 నుండి బందరులో ఒక ఛీఫు దొర, అతనికొక కౌన్సిలు ఏర్పడి శిస్తు, సైన్యము, తగవులు సమస్తమును వారి చేతిలోనే యుండెను.

ఆనాటి గ్రామస్థితిని కొంచెము జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. బందరు చుట్టునుగల హవేలీ భూములను కుంఫిణీవారు ఇజారాకిచ్చుచుండిరి. తక్కిన పరగణాలు జమీందారుల చేతిలో నుండెను. నూజివీటి అప్పారాయలవారు, చార్మహలువారు, దేవరకోట యనగా మన చల్లపల్లి యార్లగడ్డవారు మొదలగువారు కుంఫిణీకి ఏటేట పేష్కషు చెల్లించి, రయితుల యొద్ద తాము వసూలు చేసికొనువారు. కళ్లములో కుప్ప నూర్చిన పిమ్మట దానిపై ముద్ర పడెడిది. కొలగాడు వచ్చి సర్కారు పాలు కొలుచువరకు రయితు తన గింజ తాను ముట్టుటకు వీలులేదు. పంటలో సగము రయితుదని పేరే గాని, కొలతలో తరుగు, కరణమునకు మేర, అమీను వచ్చినపుడు బత్తెము, కోటలో పెండ్లియైన కట్నము అన్నియు బోగా ఇంటికి జేరునది ఆ సగములో నెంత యని రయితునే యడుగవలెను. జమీందారు తాను కుంఫిణీకి ఇంత చెల్లించుచున్నానని చెప్పును. తాను రయితుల నుండి ఎంత తెచ్చుచున్నాడో చెప్పడు. ఛీఫు దొర కుంఫిణీకి రావలసిన పేష్కషు లెక్క వ్రాయును. దసరాకు తనకు వచ్చిన నజరానా లెక్క వ్రాయడు. బాకీపడిన జమీందారునకు వడ్డీకి అప్పిచ్చువారు సైతము ఒక్కొకచోట ఆ కొలువులోని దొరలే, వారి దుబాసీలే. కంచే చేను మేసినదనుటకు ఇంతకన్న సాక్ష్యము వలయునా?

ఈ లోగుట్టు లండనులోని కుంఫిణీ డైరెక్టర్లకు కొంత తెలిసినది. వారికి రయితుపై జాలి కలిగినదని నేను చెప్పజాలను. తమకు రావలసిన సొమ్ము మధ్యలో ఇంకిపోవుచున్నదన్న చింతయే వారికి ముఖ్యము. ఏమైనను 1775లో వారొక మంచి యుత్తరువు చేసిరి. మదరాసు కౌన్సిలులోని అయిదుగురు సభ్యులు సర్కారులలో ఊరూర దిరిగి, భూమి యెంత, పంట యెంత, జనమెంత, మగ్గములెన్ని, రయితు నిజముగా చెల్లించున దెంత, జమీందారునకు మిగులున దెంత, అతడుంచిన సిబ్బంది యెంత యని స్వయముగా విచారించి వ్రాయవలెను. దీనికి సర్క్యూటు కమిటీ యని పేరు. కచ్చేరి గ్రామమునకు కదలివచ్చి లెక్కలు చూచుట యన్నది నాటి ప్రజకు అపూర్వము. కరణముల యొద్ద దాచిన కవిలెకట్టలు బయటికి రావలసియుండెను. జమీందారులకు ఈ కమిటీ యిష్టము లేదు. ఛీఫు దొరలకు అంతకన్న లేదు. ఇద్దరికిని ఇష్టములేనిది రయితునకు మేలైనదై యుండవలెనని యూహించుట తప్పుగాదు.

కమిటీ పని యారంభమైన కాలముననే మదరాసు కోటలో ఒక ఘోరము జరిగినది. 1776 ఆగస్టు 24వ తేదీన కౌన్సిలులోని కొందరు సభ్యులు తమ గవర్నరైన పిగటు ప్రభువునే త్రోవలో పట్టి నిర్బంధించిరి. ఆర్కాటు నవాబు అప్పులు, తంజావూరు రాబడి విషయమై వచ్చిన తగవది. పిగటు నిర్బంధములోనే మరుసటి యేడు మే నెలలో మరణించెను. అందులకై నలుగురు సభ్యులు లండనులో నేరస్థులుగ తేలిరి. 1780లో వారికి పడిన శిక్ష యేమనుకొందురు? తలకు వేయి పౌనుల జరిమానా. సంపాదన లక్షలలో నున్నవారికి అది సంతర్పణ ఖర్చుపాటి చేయదు.

పిగటు తరువాత మదరాసుకు గవర్నరుగా నియమింపబడినవాడు సర్ తామస్ రంబోల్డు. ఇతడు బంగాళములో క్లైవు క్రింద పనిచేసి, ప్లాసీ యుద్ధములో గాయపడి, పాట్నాలో అధికారము నెరపి, ధనవంతుడై స్వదేశమునకు మరలినవాడు. అక్కడ కామన్సు సభకు 1774లో షాఫ్ట్స్‌బరీ యను చిన్న పట్టణమునుండి పోటీచేసెను. ఆ యెన్నిక కథ వినదగినది. ఒక యింటిలో తలుపునకు చిన్న రంధ్రము చేసిరి. లోపల ఒకడు తోలుబొమ్మలాటలోని జుట్టుపోలిగాని వంటి వేషము వేసికొని కూర్చుండెను. వారి బొమ్మలాటలో ఆ హాస్యగాని పేరు పంచి. వోటరు వచ్చి రంధ్రము కడ చేయి చాపగా, పంచిగారు ఇరువది గినీల బంగారునాణెముల పొట్లము అందించును. తరువాత ప్రక్కగదిలో పంచిగారి కార్యదర్శి యట! అతడు, ఆ సొమ్ము అప్పుగా పుచ్చుకొన్నట్లు లోకములో లేని మనిషి పేర వోటరుచేత నోటు వ్రాయించుకొనును. ఇచ్చినవాడెవడో ఎవరును ప్రమాణము చేసి చెప్పజాలకుండుటకు ఈ యేర్పాటంతయు. ఓటునకు నోటు మన కాలపు పుట్టుక యని విచారించువారు ఈ సంగతి తెలిసికొని కొంత యూరట జెందవచ్చును. ఓడిన యభ్యర్థి ఫిర్యాదుపై 1775లో ఆ యెన్నిక రద్దయినది. రంబోల్డుపైని, అతని తోడియభ్యర్థి సైక్సుపైని వ్యాజ్యము నడపవలెనని సభయే తీర్మానించినది. సైక్సుపై 11,000 పౌనుల డిక్రీ పడెను. రంబోల్డునకు మాత్రము శిక్ష పడలేదు. పడకపోవుటయే గాక, రెండేండ్లు తిరుగకుండ మదరాసు గవర్నరు పదవి లభించెను.

రంబోల్డు 1778 ఫిబ్రవరి 8వ తేదీన మదరాసులో అధికారము స్వీకరించెను. మార్చి 24వ తేదీన, అనగా ఆరువారములలో, సర్క్యూటు కమిటీ రద్దయినది. ఖర్చు హెచ్చు, ఫలము తక్కువ, జమీందారులు నిజము చెప్పరు అని కారణములు వ్రాసిరి. ఇకమీదట కమిటీ గ్రామములకు బోవుట గాదు. జమీందారులే మదరాసుకు వచ్చి గవర్నరు సమక్షమున జమాబందీ పరిష్కరించుకొనవలెనని యుత్తరువు.

శ్రోతలలో పెద్దలకు ఈ ఉత్తరువు యొక్క అర్థము నేను విప్పి చెప్పనక్కరలేదు. బందరు నుండి మదరాసు రెండువందల యేబది మైళ్ల పైచిలుకు. చికాకోలు వైపువారికి దానికి రెట్టింపు. నడుమ కృష్ణ, గుండ్లకమ్మ, పెన్న, సువర్ణముఖి. దారి పొడుగునను పల్లకీ బోయీలు, బంట్లు, వంటవారు, కావడివాండ్రు. రిక్తహస్తములతో దొర దర్శనము లేదు గనుక కానుకలు వేరు. మదరాసు చేరిన పిదప నెలల తరబడి విడిదిఖర్చు, దుబాసీకి మామూలు, దుబాసీ జవానుకు మామూలు. చిన్న జమీందారులు చాలమంది ఆ వ్యయమునకు తాళగలవారు కారు. ఆ వ్యయము ఎచ్చటినుండి వచ్చినదని యడుగవలదు. తిరిగి వచ్చిన జమీందారు కళ్లములోని కుప్పవైపే చూచును.

కాని ఖర్చుకన్న పెద్ద హాని మరియొకటి జరిగినది. కమిటీ ఊరికి వచ్చియుండిన యెడల కరణము, కాపు, నేతగాడు నోరువిప్పుటకు అవకాశముండెడిది. వారి మాట కాగితముపై పడెడిది. మదరాసులో మాటలాడువారు ఇద్దరే: జమీందారు, గవర్నరు. నడుమ దుబాసీ. ఆ సంభాషణలు గవర్నరు ఆంతరంగికముగా జరిపి, కుదిరిన షరతులు మాత్రము కౌన్సిలు ముందుంచి ఒప్పుదల పొందెనన్నది తరువాత అతనిపై వచ్చిన ముఖ్యాభియోగములలో నొకటి. వ్రాత లేనిచోట విచారణకు ఆధారమేది? షాఫ్ట్స్‌బరీ తలుపురంధ్రమునకును, మదరాసు కోటలోని ఆంతరంగికపు గదికిని పోలిక కనబడుచున్నదని నేననిన ననుమానపుబుద్ధి యందురేమో!

ఆ గదిలో జరిగినదానిలో ఒకటి మాత్రము బయటపడినది. విజయనగరము జమీందారు విజయరామరాజు. సంస్థానపు పెత్తనమునకై తహతహపడు సవతియన్న సీతారామరాజు. ఇరువురును మదరాసుకు పిలిపింపబడిరి. తనకు వలదని జమీందారు మొఱ్ఱపెట్టుకొన్నను, సీతారామరాజునే దివానుగా అతని నెత్తిన గూర్చుండబెట్టిరి. ఈ యుపకారమునకుగాను గవర్నరుగారి ఆంతరంగిక కార్యదర్శి రెడ్‌హెడ్డు అనునతనికి సీతారామరాజు వలన లక్ష రూపాయలు దక్కినట్లు తరువాతి విచారణలో తేలినది. లక్ష రూపాయలు కార్యదర్శి కొక్కనికే యైనచో, అసలు దొరకెంత యని నాడు అందరికిని తోచిన ప్రశ్న. అందులకు జవాబు చెప్పు కాగితము మాత్రము దొరకలేదు. ఆ పురాతన జమీందారునకు మదరాసులో జరిగిన యవమానమును గూర్చి డైరెక్టర్లు స్వయముగా తమ లేఖలో ఖేదము వెలిబుచ్చిరి. ఖేదము వెలిబుచ్చుటకు ఖర్చు లేదు గదా! విజయనగరమువారి కథ అచ్చటినుండి అప్పులలోనికి, అప్పులనుండి కుంఫిణీతో వైరములోనికి దిగి, 1794 జూలై 10వ తేదీన పద్మనాభము యుద్ధభూమిలో విజయరామరాజు కూలుటతో ముగిసినది.

లెక్కలోనికి వత్తము. రంబోల్డు మదరాసుకు వచ్చిన ఆరు నెలలలో 45,000 పౌనులు, ఆ తరువాతి రెండేండ్లలో మరి 1,19,000 పౌనులు, వెరసి 1,64,000 పౌనులు ఇంగ్లండుకు పంపినట్లు కామన్సు సభవారు తేల్చిరి. అతని జీతము, ఇతర ఆదాయము కలిపి ఏడాదికి 20,000 పౌనులకు మించదు. నాటి మారకమును బట్టి ఆ మొత్తము 13 లక్షల రూపాయలకు తక్కువగాదు. ఆరు నెలలలో రెండేండ్ల జీతమునకు మించిన సొమ్ము మిగిల్చిన మితవ్యయపరుని మనమెవ్వరము చూచియుండము.

ఇంతలో గుంటూరు సర్కారును నైజాము తమ్ముడు బసాలతుజంగు నుండి కౌలుకు పుచ్చుకొని, దానిని ఆర్కాటు నవాబునకు మారుకౌలిచ్చి, నైజాముతో కలహము తెచ్చిపెట్టిరి. 1780 ఏప్రిలులో ఆరోగ్యము బాగులేదని రంబోల్డు ఓడ యెక్కెను. జూలైలో హైదరాలీ కర్ణాటకముపై విరుచుకుపడెను. మదరాసు పొలిమేరవరకు గ్రామములు తగులబడినవి. గవర్నరు అప్పటికి సముద్రముమీద నుండెను.

1781 జనవరిలో డైరెక్టర్లు రంబోల్డును కొలువునుండి తొలగించిరి. కొలువు విడిచి ఓడయెక్కి యింటికి జేరినవానిని కొలువునుండి తొలగించుట! అయినను వ్యవహారము అంతటితో పోలేదు. మైసూరు యుద్ధములో తగిలిన దెబ్బలు లండనులో గొప్ప సంచలనము కలిగించినవి. కామన్సు సభ ఒక రహస్య విచారణ సంఘమును నియమించినది. దాని యధ్యక్షుడు హెన్రీ డండాసు మంచి పనివాడు. చెన్నపట్టణము, బందరు, విశాఖపట్టణముల నుండి పోయిన దస్తావేజులన్నియు తిరుగవేసి పెద్ద పెద్ద నివేదికలు అచ్చువేయించెను. 1782లో రంబోల్డు మీదను, అతని తోడిసభ్యుడు పెరింగు మీదను దండనశాసనము కొరకు బిల్లు ప్రవేశపెట్టిరి. వారు దేశము విడువరాదనియు, ఆస్తి అన్యాక్రాంతము చేయరాదనియు గట్టి కట్టడి చేసిరి. బందరు వీధులలో ఆ వార్త విన్నవారెవరైన నుండిరో లేదో గాని, విన్నచో ధర్మము నాలుగు పాదముల నడచుచున్నదనియే యనుకొనియుందురు.

అప్పుడు రంబోల్డెక్కడ నున్నాడు? ముద్దాయి బోనులో గాదు. తనను విచారించుచున్న ఆ కామన్సు సభలోనే సభ్యుడుగా నున్నాడు. 1780లో అదే షాఫ్ట్స్‌బరీ నుండి గెలిచి, తరువాత యార్మతు అను ఊరి తరఫున సభలో నుండెను. అతని స్నేహితులును సభలోనే యుండిరి. సభ్యుని దోషమును తోడిసభ్యులే తూచవలసినచోట తరాజు ఎటు మొగ్గునో చెప్పుట కష్టము. ఈ చిక్కు మనకును తప్పినది కాదు. లంచము పుచ్చుకొని లోకసభలో ఓటు వేసిన సభ్యునిపై, రాజ్యాంగము సభ్యులకిచ్చిన రక్షణను బట్టి, క్రిమినలు వ్యాజ్యము నడువదని మన సుప్రీముకోర్టు 1998లో తీర్పు చెప్పియుండెను. ఆ తీర్పు ఇరువదియారేండ్లు చెల్లినది. 2024 మార్చి 4వ తేదీన ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని కొట్టివైచి, లంచము సభాకార్యము గాదని యేకగ్రీవముగ చెప్పినది. ఇరువదియారేండ్ల ఆలస్యమునకు విచారపడుటయో, ఇప్పటికైన వచ్చినందుకు సంతసించుటయో శ్రోతలకే విడుచుచున్నాను.

తిరిగి 1782కు. బిల్లుపై వాదములు నెలల తరబడి సాగినవి. నడుమ ప్రధానమంత్రి చనిపోయెను. క్రొత్త మంత్రివర్గము వచ్చెను. అదియు పడిపోయి మరియొకటి వచ్చెను. మొదట నిండిన సభలు క్రమముగా పలుచబడినవి. సాక్ష్యము వినుటకు చాలినంతమంది సభ్యులు లేక వాయిదా వేయవలసిన దినములును వచ్చినవి. తుదకు 1783 వేసవిలో, ఈ విషయమును అక్టోబరు నెలలో ఆలోచింతమని తీర్మానము చేసిరి. అక్టోబరులో సభ కూర్చుండదని అందరికిని తెలియును. అదియే దానిలోని కిటుకు. బిల్లును ఎవ్వరును ఓడింపలేదు. ముద్దాయి నిర్దోషి యని ఎవ్వరును చెప్పలేదు. దోషి యనియు చెప్పలేదు. లేని దినమునకు వాయిదా వేసి దీపమార్పిరి. దీనివెనుక అప్పులును, వియ్యములును పనిచేసినవని లండనులో వాడుక పుట్టెను. దానికి ఋజువు లేదు గనుక దానిని నమ్ముమని నేను చెప్పను. 1784లో రంబోల్డు వేమతు పట్టణము నుండి మరల ఎన్నికై 1790 వరకు సభలో కూర్చుండెను.

ఇన్ని దస్తావేజులు, ఇన్ని నివేదికలు, ఇంత పట్టుదల యుండియు ఈ వ్యాజ్యమెట్లు చల్లారినది? మంత్రులు మారుట, స్నేహితులు సాయపడుట నిజమే. కాని నాకు తోచిన మూలకారణము వేరు. ఆ సభ తలుపు దగ్గర నిలిచి, మా సంగతి యేమైనదని యడుగువాడు లేడు. నష్టపడినవాడు గుడివాడ పరగణాలోని రయితు, దివిలోని ఉప్పుకొఠారు కూలి, పెడనలోని మగ్గరి. వారికిని విచారణ జరుగు చోటికిని నడుమ ఓడపై ఆరు నెలల ప్రయాణము. వారి భాష అక్కడ ఒక్కనికి రాదు. సభవారికి కోపము వచ్చినది హైదరాలీ చేతిలో ఓడినందుకు. యుద్ధము సద్దుమణగగానే ఆ కోపమును చల్లారెను. ఎవని పొలము పోయినదో వాడు వాయిదా వాయిదాకును కచ్చేరి మెట్లపై కూర్చుండు వ్యాజ్యమునకును, ఇతరులు జాలిపడి నడుపు వ్యాజ్యమునకును గల భేదము మన గ్రామములలో నెరుగనివారు లేరు. 1778 మార్చిలో కమిటీని రద్దుచేసిన నాడే, ఆ సాక్షుల నోరు మూయబడినది. 1783 నాటి వాయిదా దాని ఫలము.

న్యాయముగా రెండవ పక్షమును గూడ చెప్పవలెను. తనకు బంగాళపు కొలువులో సంపాదించిన పూర్వపుటాస్తి యీ దేశములో నుండెననియు, తాను పంపినది దానినే యనియు రంబోల్డు వాదించెను. ఛీఫు దొరలు జమీందారులను పిండుచుండిరి గనుకనే మదరాసుకు పిలిపించితిననియు, తన యేర్పాటుచేత కుంఫిణీకి రాబడి హెచ్చినదనియు చెప్పుకొనెను. బందరు, విశాఖపట్టణపు దొరల నడవడి చూచినచో ఆ మాటలో మొదటి సగము పూర్తిగ నసత్యమని త్రోసివేయుటకు వీలులేదు. అతని కుమార్తె తన వృద్ధాప్యమున తండ్రి పక్షమున నొక గ్రంథము వ్రాయగా అది 1868లో అచ్చుపడినది. విచారణ తుదముట్ట జరిగియుండిన ఆ తండ్రి నిర్దోషియని తేలియుండునేమో. ఆ కూతునకు ఎనుబదియైదేండ్ల తరువాత వకాల్తా పుచ్చుకొను శ్రమ తప్పియుండునేమో. లేని దినమునకు వాయిదా వేయుటవలన దోషికి మేలగునేమో గాని, నిజముగా నిరపరాధియైనవానికి అంతకన్న కీడు లేదు.

రంబోల్డు వ్యాజ్యము చల్లారిన తరువాత అయిదేండ్లకు, అనగా 1788లో, వారను హేస్టింగ్సు పై విచారణ మొదలైనది. అది ఏడేండ్లు సాగి 1795లో విడుదలతో ముగిసెను. కుంఫిణీవారు అతనికి ఏడాదికి 4,000 పౌనుల పింఛను గూడ ఏర్పరచిరి. ఇన్ని విచారణలవలన ఫలమే లేదా యందురా? కొంత కలదు. 1784 శాసనముతో కుంఫిణీపై మంత్రివర్గపు అదుపు వచ్చెను. కానుకలు, నజరానాలు పుచ్చుకొనుట నేరమని మరింత గట్టిగ వ్రాసికొనిరి. మనుష్యులు తప్పించుకొనిరి గాని, వారు తప్పించుకొన్న గండ్లలో కొన్ని పూడ్చబడినవి.

మన సీమకు వచ్చినచో, రద్దయిన సర్క్యూటు కమిటీని 1783లో మరల నిలిపిరి. అది 1788 వరకు సర్కారులలో తిరిగి లెక్కలు వ్రాసినది. జమీందారు కుంఫిణీకి చెల్లించునదానికిని, రయితు నుండి తెచ్చుకొనుదానికిని గల వ్యత్యాసము అప్పటికి కాగితము కెక్కినది. కాని ఆ కాగితమును చదివి పనిచేయవలసినవారు బందరుకోటలోని ఆ ఛీఫు, ఆ కౌన్సిలే. వారి కొలువు రద్దయి కలెక్టర్లు వచ్చినది 1794లో. 1802లో శాశ్వత పైసలా వచ్చి జమీందారు చెల్లించు పేష్కషు స్థిరపడినది. రయితు చెల్లించునది మాత్రము అంత స్థిరపడలేదు. ఆ చిక్కు విడిపోవుటకు 1948 నాటి ఎస్టేటుల రద్దు శాసనము వరకు ఆగవలసివచ్చినది. 1776లో కమిటీ గ్రామములకు వచ్చి అడుగబోయిన ప్రశ్నకు జవాబు నూటడెబ్బదిరెండేండ్లకు దొరకినది.

కమిటీ తిరిగిపోయిన మూడేండ్లకు ఉత్తర సర్కారులందు వానలు తప్పినవి. 1791, 1792 సంవత్సరములలో కరవు భయంకరమైనది. గ్రామములకు గ్రామములే పాడుపడి, జనము పసరములను విడిచి తీరమువైపు గంజికై నడచినది. శిస్తు రాలేదని బందరు కౌన్సిలువారు మదరాసుకు వ్రాయుచుండిరి. ఆ 1791లోనే నవంబరు 11వ తేదీన సర్ తామస్ రంబోల్డు మరణించెను. హర్ట్‌ఫర్డు సీమలో అతడు కట్టించుకొన్న వుడ్‌హాలు పార్కు అను సౌధము నేటికిని చెక్కుచెదరక యున్నది. అందిప్పుడు పిల్లల బడి నడచుచున్నది.